మూడో గేరు దగ్గర

తాళం నా చేతికొచ్చి ఇరవై రెండు రోజులు.
సీటు మాత్రం ఇంకా ఆయనదే.
తెనాలి పళ్ళ డాక్టరు, ఆరడుగుల మనిషి,
పన్నెండేళ్ళు వెన్ను ఆనించిన చోట
తోలు మెత్తబడి గుంట పడింది.
అందులో నేను
అన్నయ్య చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంటాను.

మిర్చి యార్డులో కాటా రాసే గుమాస్తాని.
బస్తాలు, తాలు, తరుగు, హమాలీ.
లక్షలన్నీ నా చేతిరాతలోంచి నడిచిపోయాయి,
నేను మోపెడ్ మీద ఇంటికెళ్ళాను.
యాభై మూడో ఏట రెండు చీటీలు పాడి
నేలకి జానెడెత్తున, రెండే తలుపులున్న
నీలం రంగు జపాన్ బండి కొన్నానంటే
షావుకారు దస్త్రం మూసి
"అల్లుడికా?" అన్నాడు.
"నాకే."
ఆ రెండక్షరాలకి
గొంతులో కారం అడ్డం పడ్డట్టయింది.

బ్రాడీపేటలో స్పీడ్ బ్రేకర్లు
ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పోసుకున్నవి.
ప్రతిదాని దగ్గరా ఆగి, ఐమూలగా తిప్పి
ఒక్కో చక్రాన్నీ విడివిడిగా బతిమాలి దాటిస్తాను.
వెనక ఆటో కుర్రాడు హారన్ కొట్టి కొట్టి
చివరికి దిగొచ్చి, రోడ్డు మీద చెంప ఆనించి
"రానీ... రానీ... ఇంకొంచెం...
వచ్చేసింది బాబాయ్!" అని
తనే గెలిచినట్టు చప్పట్లు కొట్టాడు.

మొదటి వారం దుప్పటి కప్పి దాచాను.
రాత్రి రెండుసార్లు లేచి
దుప్పటి ఉందో లేదో చూసొచ్చాను.
తర్వాత ఒకరోజు యార్డు గేటు దగ్గర
పొద్దుట్నించి సాయంత్రం దాకా వదిలేస్తే
నీలం మీద సన్నటి ఎర్రపొడి.
సీట్లలో ఇంకిన లవంగ నూనె వాసన
కొద్దికొద్దిగా జారుకుని
ఏసీలోంచి తేజా కాయ ఘాటు తగలసాగింది.
ఎక్కినవాళ్ళంతా తుమ్ముతున్నారు.
నాంచారు ఏడు తుమ్ములు లెక్కపెట్టి
"ఇదేం బండయ్యా" అని దిగిపోయింది.
నాకు తుమ్ము రాలేదు.
అప్పుడనిపించింది, ఇది నాదేనేమోనని.

ఆటోనగర్ మస్తాన్‌వలి బానెట్ ఎత్తి
ఇంజను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
"దమ్ముంది మావా, దాచుకుంటా ఉంది.
ఒకసారి హైవే ఎక్కించు.
పెదకాకాని దాటిందాకా నువ్వు చూసుకో,
ఆ పైన అదే నిన్ను చూసుకుంటది."

ఎక్కించాను, నిన్న తెల్లారుజామున.
నంబూరు దగ్గర రోడ్డు ఖాళీ.
మూడో గేరులో కాలు నొక్కితే
ఒక్క క్షణం తటపటాయించింది,
స్టీరింగులోంచి నా మోచేతుల దాకా వణికింది.
కాలు తీసేశాను.
వెనకనించి పాల వ్యాను దాటుకుపోయింది.
కాజ టోల్ గేటు దాకా వెళ్ళకుండానే
తిరిగొచ్చి దుప్పటి కప్పేశాను.

రాత్రి డాక్టరు ఫోను.
ఆర్సీలో పేరింకా మారలేదు, దాని గురించేమో అనుకున్నా.
కాదు. కాసేపాగి
"ఎలా ఉంది?" అన్నాడు,
కాపురానికి పంపిన పిల్లని అడిగినట్టు.
"బాగానే ఉందండి."
"మూడో గేరు దగ్గర కొంచెం వణుకుద్ది.
అక్కడ మాత్రం కాలు తియ్యకండి.
తీస్తే దానికీ అదే అలవాటవుద్ది."
అవతల ఎవరో మాత్ర వేళయిందంటున్నారు.
"నా కుడి మోకాలు ఇంక..." అని
మిగతాది మింగేశాడు.

ఎందుకమ్ముతున్నారని
కొన్న రోజు నేనడగలేదు.
మైలేజీ అడిగాను, టైర్లు అడిగాను,
పదివేలు తగ్గించమని మూడుసార్లు అడిగాను.

అందరూ పడుకున్నాక కిందికెళ్ళి
దుప్పటి తీసి లోపల కూర్చున్నా.
సీటు కింద మీట నొక్కి లాగితే
టక్కున ఒక పన్ను ముందుకి జరిగింది.
రెండో పన్ను దగ్గర చెయ్యి ఆగింది.
చాల్లే అనుకున్నా.
స్టార్ట్ చెయ్యలేదు.
క్లచ్ తొక్కి మూడో గేరు వేసి
కాలు తియ్యకుండా
చాలాసేపు అలాగే ఉన్నాను.